ఉత్సాహం పోయిన రోజు

*బరువు తగ్గాలని మొదలుపెట్టనివాళ్లు అరుదు. నెలన్నర తర్వాత కూడా అదే పట్టు మీద ఉన్నవాళ్లు ఇంకా అరుదు. లోపమంతా వాళ్ల పట్టుదలలోనే ఉందని ఇన్నాళ్లూ తేలిగ్గా అనేస్తూ వచ్చాం. పరిశోధనలు చెబుతున్న సంగతి వేరు.*

ఉదయం ఐదున్నర. ఇంట్లో ఇంకెవరూ లేవలేదు. మంచం కిందున్న కాటాని చప్పుడు కాకుండా బయటికి లాగి, బండలు సమంగా ఉన్నచోట పెట్టి ఎక్కింది మా వదిన. 74.6. దిగింది. చేతుల గాజులు తీసి కిటికీలో పెట్టి మళ్లీ ఎక్కింది. 74.6. నిన్న ఇదే వేళకి 74.1. రాత్రి అందరికీ చపాతీలు కాల్చి పెట్టి, తను మాత్రం ఉప్పేసిన మజ్జిగ రెండు గ్లాసులు తాగి పడుకుంది. పగలు స్టాఫ్‌రూమ్‌లో ఎవరిదో పుట్టినరోజని కేకు పంచుతుంటే చేయి అడ్డం పెట్టింది. ఇంత నోరు కట్టుకుంటే అరకిలో పెరగడమా?

కాసేపు అలాగే నిలబడింది. కాటాని కాలితో మంచం కిందికి తోసేసింది. వాకింగ్ బూట్లు గుమ్మం పక్కనే ఉన్నాయి, వాటి వంక చూడలేదు. వంటింట్లోకి వెళ్లి రెండు చెంచాల పంచదార వేసి కాఫీ కలుపుకుంది. ముప్ఫై ఎనిమిది రోజులుగా పంచదార లేకుండా తాగుతున్న కాఫీ అది.

"నాకంత పట్టుదల లేదులేవే" అంది ఆ వారం ఫోన్లో. గుంటూరులో ఓ కాలేజీలో పాతికేళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి. ఇద్దరు పిల్లల్ని పెంచుతూనే పీజీ పూర్తిచేసింది. మంచాన పడ్డ అత్తగారికి ఆరేళ్లు సేవ చేసింది. ఆమెకి పట్టుదల లేదట. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇప్పుడు ఏ పెళ్లికి వెళ్లినా, ఏ ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చున్నా బరువు మాటే. బరువు తగ్గించే సూది మందులు, 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ, మన మార్కెట్లోకి వచ్చాక ఆ మాట ఇంకా పెరిగింది. 'వారానికో సూది వేసుకుంటే చాలట గదా' అని ఒకరు, 'అదేం మంచిది కాదు, నోరు కట్టుకోలేనివాళ్లకే అది' అని ఇంకొకరు. రెండు మాటల్లోనూ ఒకటే నమ్మకం దాగుంది. బరువు తగ్గడమంటే మనసు గట్టిదా కాదా అనే పరీక్ష అని.

ఆ పరీక్షలో కూర్చున్నవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 36 శాతం, పురుషుల్లో 31 శాతం అధిక బరువులోనో ఊబకాయంలోనో ఉన్నారు. తెలంగాణలో మహిళలు 30, పురుషులు 32 శాతం. దేశ సగటు చూస్తే 24, 23. అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ దేశం కన్నా బాగా ముందున్నాయి.

'సోమవారం నుంచి చూడు'

మొదలుపెట్టడంలో మనకి లోటు లేదు. ఉగాది నుంచి, పుట్టినరోజు నుంచి, పిల్లల పరీక్షలయ్యాక, ఏదీ కుదరకపోతే వచ్చే సోమవారం నుంచి. ఇది మన అలవాటే కాదు, మనిషి స్వభావం. హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే పరిశోధకులు 2014లో దీన్ని లెక్కలతో చూపించారు. అమెరికాలో 'డైట్' అనే మాట కోసం గూగుల్‌లో వెతకడం, యూనివర్సిటీ జిమ్‌కి విద్యార్థులు రావడం... రెండూ వారం మొదట్లో, నెల మొదట్లో, కొత్త ఏడాదిలో ఎగబాకుతాయి. పాత తప్పులన్నీ పాత లెక్కలో పోయాయి, ఇవాళ్టి నుంచి కొత్త పుస్తకం అన్న భావన మనిషికి అంత బలాన్నిస్తుంది.

తెలుగునేల మీద ఈ కొత్త పుస్తకాలు ఎన్ని తెరిచామో గుర్తుచేసుకోండి. ఉప్పూ నూనె లేకుండా వండుకొమ్మన్న మంతెన సత్యనారాయణరాజు గారి మాట విని వేల ఇళ్లలో పోపుల డబ్బా పక్కకి పెట్టారు. ఆ తర్వాత వీరమాచనేని రామకృష్ణ గారి ద్రవాహారం ఊరూరా పాకి, కొబ్బరినూనె, నిమ్మకాయలు నెల సరుకుల జాబితాకెక్కాయి. ఖాదర్ వలీ గారి ప్రసంగాలతో కొర్రలు, అరికెలు, అండుకొర్రలు పట్నం షాపుల్లోకి తిరిగొచ్చాయి. వాటి మంచిచెడ్డల చర్చ ఇక్కడ పెట్టుకోవడం లేదు. నేనడిగేది ఒకటే. మన చుట్టాల్లో ఆ మూడూ చేసినవాళ్లు ఉంటారు. మొదటి నెలలో వాళ్ల మొహాల్లో ఎంత వెలుగు! ఆ వెలుగు ఎన్నో రోజున పోయింది? ఎందుకు పోయింది?

మొదటి వారం ఇచ్చే ఆశ

కాలేయంలో, కండరాల్లో మన ఒళ్లు కొంత పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. మొత్తం కలిపి అరకిలో లోపే. కానీ ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం తగ్గించగానే ముందు ఖర్చయ్యేది ఈ నిల్వ. దాంతో నీళ్లూ పోతాయి. వారం తిరక్కుండా కిలోన్నర, రెండు కిలోలు దిగిపోయి కనిపిస్తుంది. 'అబ్బ, ఇది నాకు పడింది' అనుకుంటాం.

అసలు కొవ్వు కరగడం చాలా నెమ్మది. కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీలుంటాయి. రోజూ మనకి కావలసిన దానికన్నా 500 క్యాలరీలు తక్కువ తింటే, అదీ చిన్న త్యాగం కాదు, రోజుకి కరిగేది 65 గ్రాములు. రెండు కోడిగుడ్లంత కూడా ఉండదు. మరోపక్క ఒంట్లో నీటి బరువు ఒక్క రోజులోనే కిలో అటూ ఇటూ అవుతుంటుంది. రాత్రి ఆవకాయ నాలుగు ముద్దలు ఎక్కువ తింటే ఆ ఉప్పు నీళ్లని పట్టేస్తుంది. నెలసరికి ముందు ఒళ్లు నీరు పడుతుంది. మలబద్ధకం ఉంటే అదీ కాటా మీద బరువే. ఇంత హోరులో ఆ 65 గ్రాములు ఎక్కడ వినిపిస్తాయి?

మా వదినకి పెరిగిన అరకిలో కూడా అదే అయ్యుంటుంది. ఉప్పేసిన రెండు గ్లాసుల మజ్జిగ బరువే దాదాపు అంత ఉంటుంది. లెక్కల టీచరుకి ఈ లెక్క చెబితే రెండు నిమిషాల్లో అర్థమయ్యేది. ఆ పొద్దున చెప్పేవాళ్లు పక్కన లేరు. ముప్ఫై ఎనిమిది రోజుల కష్టానికి ఆ మిషన్ చూపించిన ఒక్క అంకెనే తీర్పు అనుకుంది.

---

■ కాటాతోపాటు టేపు కూడా

● మనవాళ్లకి బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు కొలత) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద చూడాలని మన వైద్య నిపుణులు 2009లో ఒక అంగీకారానికి వచ్చారు. అంతర్జాతీయంగా ఆ హద్దులు 25, 30. ఒకే బరువు దగ్గర యూరప్ వాళ్లకన్నా మనకి పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువగా ఉండటమే కారణం.

● నడుము చుట్టుకొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. టైలర్ టేపు చాలు.

● బరువు చూసుకుంటే వారంలో ఒకే రోజు, ఒకే వేళ, పరగడుపున. ఒక్క అంకెని కాక నాలుగు వారాల అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడాలి.

● తిండి పెరగకుండానే బరువు పెరుగుతుంటే థైరాయిడ్, పీసీఓడీ పరీక్షలు అవసరం కావచ్చు. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక సమస్యల మందులు కూడా బరువు పెంచుతాయి. మందు మానేయకుండా డాక్టర్ని అడగాలి.

---

ఒళ్లు ఊరుకోదు

1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది యువకులతో ఒక ప్రయోగం మొదలైంది. మనస్సాక్షి ఒప్పక యుద్ధంలో తుపాకీ పట్టనన్న యువకులు వాళ్లు. యుద్ధంలో ఆకలితో అలమటిస్తున్న యూరప్ ప్రజలకి మళ్లీ ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడానికి తమ ఒంటిని అప్పగించారు. శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ వాళ్లకి ఆరు నెలలపాటు సగం తిండి పెట్టాడు. వారానికి 35 కిలోమీటర్లు నడిపించాడు. ఒంటి బరువులో దాదాపు నాలుగోవంతు పోయింది.

బరువు కన్నా పెద్ద విషయం వాళ్ల మనసులో జరిగింది. తిండి తప్ప ఇంకో ఆలోచన రాకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగేసుకుని పొద్దస్తమానం చదివారు. కంచాలు నాకారు. చిరాకు, దిగులు, చలి. ఇవన్నీ ఆదర్శం కోసం జైలుకైనా సిద్ధపడగల యువకుల్లో. పట్టుదల లేదని వాళ్లని ఎవరనగలరు? ప్రయోగం అయిపోయాక నెలల తరబడి, కడుపు నిండినా తృప్తి లేక తింటూనే ఉన్నారు.

దీని వెనకున్న యంత్రాంగం తర్వాత యాభై ఏళ్లకి బయటపడింది. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌తో 'నిల్వలు సరిపడా ఉన్నాయి' అని మెదడుకి కబురు పంపుతాయని 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. ఆకలి పుట్టించే గ్రెలిన్ 1999లో జపాన్ శాస్త్రవేత్తల చేతికి చిక్కింది. బరువు తగ్గితే మొదటిది పడిపోతుంది, రెండోది పెరుగుతుంది. మెల్‌బోర్న్‌లో 50 మందిని పది వారాలు కఠినమైన ఆహార నియమంలో ఉంచి, తర్వాత ఏడాదిపాటు గమనించారు. ఏడాది తర్వాత కూడా ఆ హార్మోన్లు పాత స్థితికి రాలేదు, ఆకలీ తగ్గలేదు. 2011లో ఇది అచ్చయింది.

'ద బిగ్గెస్ట్ లూజర్' అనే అమెరికా టీవీ బరువు తగ్గే పోటీ చాలామందికి తెలిసే ఉంటుంది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించాడు కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త. సగటున తగ్గిన 58 కిలోల్లో 41 కిలోలు తిరిగొచ్చేశాయి. పైగా ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చుచేసే శక్తి, ఆ బరువున్న మనిషికి ఉండాల్సిన దానికన్నా రోజుకి సుమారు 500 క్యాలరీలు తక్కువ. కరువుకాలం వచ్చిందనుకుని ఒళ్లు పొదుపు మొదలుపెట్టింది. ఆరేళ్లయినా ఆ పొదుపు మానలేదు.

ఇది చదివి 'అయితే తగ్గడం మన వల్ల కాదన్నమాట' అనుకోవద్దు. నలభయ్యో రోజున ఆకలి ఎక్కువైతే, ఉత్సాహం చల్లారితే అది మీ బలహీనత కాదు, ఒంటి సహజ స్వభావం అని తెలియాలనే ఇంత చెప్పాను. అందుకే ఉత్సాహం మీద నడిచే పథకం ఏదైనా, ఉత్సాహం ఉన్నన్నాళ్లే నడుస్తుంది. అది పోయిన రోజు కోసం ముందే ఏదో ఏర్పాటు ఉండాలి.

నిండా మునిగినవాడికి చలేమిటి

1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ అమ్మాయిలతో ఓ చిన్న ప్రయోగం చేశారు. కొందరికి ముందుగా మిల్క్‌షేక్ ఇచ్చారు. తర్వాత రుచి చూసి చెప్పమని ఐస్‌క్రీమ్ పెట్టారు, ఎంతైనా తినొచ్చన్నారు. తిండి మీద ఆంక్షలేం పెట్టుకోనివాళ్లు మిల్క్‌షేక్ తాగాక సహజంగానే ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. డైటింగ్ మనస్తత్వం ఉన్నవాళ్లలో ఇది తిరగబడింది. మిల్క్‌షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు! నియమం ఎలాగూ తప్పింది, ఇక ఎంత తింటే ఏం?

ఈ మనఃస్థితికి తర్వాత హెర్మన్, జానెట్ పొలివీ ఒక పేరు పెట్టారు. మన పెద్దవాళ్లు ఎప్పుడో పెట్టారు: నిండా మునిగినవాడికి చలేమిటి. గృహప్రవేశంలో ఒక బూరె తింటాం. మహా అయితే అరగంట, ముప్పావుగంట నడకతో సరి. నష్టం ఆ బూరెతో రాదు. 'ఇవాళ్టికి అయిపోయింది' అని వెనకాలే తినే మరో మూడు బూరెలతో, రాత్రి బిర్యానీతో, 'మళ్లీ సోమవారం చూద్దాం' అని వదిలేసే నాలుగు రోజులతో వస్తుంది. వదిన విషయంలో ఆ నాలుగు రోజులు నాలుగు నెలలయ్యాయి.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన పరిశీలన ఇక్కడ చెప్పుకోవాలి. ఒక కొత్త పనిని రోజూ చేస్తూ పోతే అది ఆలోచించకుండా జరిగిపోయే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, ఇంకొందరికి 254 రోజులు పట్టొచ్చని తేలింది. అంటే 21 రోజుల్లో అలవాటైపోతుందని ఎవరైనా చెబితే నమ్మి నిరాశపడొద్దు. ఆ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇంకొకటుంది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడే క్రమానికి చెప్పుకోదగ్గ దెబ్బేమీ తగల్లేదు.

మాలలో ఉన్నప్పుడు ఎలా సాధ్యం?

మా బాబాయికి రోజుకి ఎనిమిది టీలు, పెట్టె సిగరెట్లు, వారంలో నాలుగు రోజులు మాంసం. ఆయన ఏటా కార్తికంలో అయ్యప్ప మాల వేసుకునేవాడు. నలభై ఒక్క రోజులు చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, రాత్రికి అల్పాహారం, నేల మీద పడక, కాళ్లకి చెప్పుల్లేవు. ఒక్క రోజు తప్పలేదు. డాక్టరు బరువు తగ్గమంటే పది రోజులు నిలవలేకపోయిన మనిషి ఆయనే.

దాన్ని భక్తి అంటాం. నిజమే, ఆ భక్తిని దేనితోనూ పోల్చే ఉద్దేశం నాకు లేదు. కానీ దీక్ష చుట్టూ ఉన్న ఏర్పాటుని చూస్తే ఎంతో తెలుస్తుంది. ఏం తినాలో, ఎప్పుడు తినాలో రోజూ కొత్తగా నిర్ణయించుకునే పని లేదు, నియమం ముందే ఉంది. ఒంటి మీద నల్ల బట్టలున్నాయి కాబట్టి ఎదురైనవాళ్లెవరూ బజ్జీ తినమనరు. 'స్వామి దీక్షలో ఉన్నాడు' అని ఇల్లంతా వంట మార్చుకుంటుంది. పొద్దున, సాయంత్రం గురుస్వామి, తోటి స్వాములు ఉంటారు. రోజా ఉండే ముస్లిం ఇళ్లలోనూ అంతే, ఇల్లూ వీధీ కలిసి ఉపవాసం ఉంటాయి. మనిషి ఒంటరిగా తన నోటితో తాను కుస్తీ పట్టడం ఎక్కడా కనిపించదు.

బరువు తగ్గాలనుకునే మనిషికి వీటిలో ఏ ఒక్కటీ ఉండదు. ఎవరికీ చెప్పకుండా మొదలుపెడతాం, నవ్వుతారని. ప్రతి పూటా కంచం ముందు కొత్తగా చర్చించుకుంటాం, ఇది తినొచ్చా అని. ఆ చర్చతోనే సగం శక్తి పోతుంది. పీటర్ గోల్‌విట్జర్ అనే శాస్త్రవేత్త చూపించిన కిటుకు దీనికి బాగా పనికొస్తుంది: 'ఇలాగైతే అలా' అని ముందే తేల్చుకోవడం. పెళ్లి భోజనానికి కూర్చుంటే ముందు కూర, పప్పు, తర్వాతే అన్నం. సాయంత్రం ఆరింటికి ఆకలేస్తే ఉడికించిన శనగలు. వాన పడి బయటికి వెళ్లలేకపోతే ఇంట్లోనే ఇరవై నిమిషాలు నడక. చిన్న నియమాలే. కానీ మనసు బాగోని రోజున ఆలోచించే అవసరం రానివ్వవు.

దీక్షకీ దీనికీ ఒక తేడా మాత్రం మరిచిపోకూడదు. శబరిమలలో ఇరుముడి దించాక దీక్ష ముగుస్తుంది. బాబాయి మాల తీసిన రోజు సాయంత్రానికే సిగరెట్ వెలిగేది. బరువు విషయంలో దించుకునే ఇరుముడి లేదు. అందుకే నలభై రోజులు ఓర్చుకోగల కఠిన నియమం కన్నా, పదేళ్లు భరించగల మామూలు నియమం మేలు.

'అలా చిక్కిపోయావేం?'

బరువున్నప్పుడు 'బాగా ఒళ్లు చేశావే' అంటారు. తగ్గాక 'అలా చిక్కిపోయావేం, షుగరేమైనా వచ్చిందా' అంటారు. రెండూ ప్రేమతోనే అంటారు, అదే చిక్కు. ఆరు నెలలు శ్రమపడి ఐదు కిలోలు తగ్గిన మనిషికి మొదట ఎదురయ్యే ప్రశంస ఇది. కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. 'నా మీద ఒట్టు, ఇంకొక్కటి' అన్నాక వద్దనడం మన దగ్గర పెద్ద తప్పు కింద లెక్క.

ఇల్లాలి పరిస్థితి ఇంకా కష్టం. అందరికీ రుచిగా వండాలి, తను తినకూడదు. పిల్లలు వదిలేసిన అట్టుముక్క, గిన్నె అడుగున మిగిలిన పప్పన్నం పారెయ్యడానికి చేయి రాక నోట్లో వేసుకోవాలి. పొద్దున ఐదున్నరకి నడకకి వెళ్తే ఏడింటికి నాలుగు టిఫిన్ డబ్బాలు ఎవరు కడతారు? హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు ఉంది, విశాఖలో ఆర్కే బీచ్ ఉంది. చిన్న ఊళ్లలో లారీలు తిరిగే రోడ్డు పక్కన, కుక్కల మధ్య చీకట్లో నడవాలి. ఇవన్నీ దాటుకుని నెల రోజులు నిలిచిన మనిషిని నేనైతే పట్టుదల లేనిదనలేను.

ఇక ఎగతాళి. 'నాలుగు మాటలంటేనే రోషం వచ్చి తగ్గుతారు' అని నమ్మే తండ్రులు, భర్తలు ఇంకా చాలామందే. అది నిజం కాదు. అమెరికాలో ఆరు వేలమందికి పైగా పెద్దల్ని కొన్నేళ్లు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, మొదట ఊబకాయం లేనివాళ్లలో బరువు కారణంగా చిన్నచూపుకి గురైనవాళ్లు తర్వాత ఊబకాయులయ్యే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. అవమానపడ్డ మనిషి నలుగురిలోకి రాదు, నడకకి వెళ్లదు, ఒంటరిగా తింటుంది. కాలేజీకెళ్లే ఆడపిల్ల భోజనం మానేస్తున్నా, తిని దొంగచాటుగా వాంతి చేసుకుంటున్నా ఇంట్లో దాన్ని డైటింగ్ అని వదిలెయ్యకూడదు. వెంటనే డాక్టరుకి చూపించాలి.

---

■ ఆరుగురు స్నేహితురాళ్లు

1961లో న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలో జీన్ నైడెచ్ అనే గృహిణి బరువు 97 కిలోలు. సూపర్‌మార్కెట్లో ఎదురైన ఒకామె 'ఎన్నో నెల?' అని అడిగింది. ఆమె గర్భవతి కాదు. నగరపాలక ఆరోగ్య విభాగం నడిపే క్లినిక్‌లో చేరింది. తిండి పట్టిక ఇచ్చారు. అయినా రాత్రుళ్లు రహస్యంగా బిస్కెట్లు తినేది. ఆ సంగతి క్లినిక్‌లో చెప్పుకోలేక, ఆరుగురు స్నేహితురాళ్లని ఇంటికి పిలిచి వాళ్ల ముందు ఒప్పుకుంది. వాళ్లూ తమ తమ రహస్యాలు చెప్పుకున్నారు. వారం వారం కలవడం మొదలైంది. ఆమె ముప్ఫై కిలోలకు పైగా తగ్గింది. 1963లో ఆ గుంపే 'వెయిట్ వాచర్స్' సంస్థ అయింది. నైడెచ్ 2015లో, 91 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

---

సూది ఆపాక?

సెమాగ్లుటైడ్ (వెగోవీ), టిర్జెపటైడ్ (మౌంజారో) అనే కొత్త మందులు ఆకలి హార్మోన్ల దారిలోనే పనిచేస్తాయి. కడుపు నిండిన భావన త్వరగా వస్తుంది, ఎక్కువసేపు ఉంటుంది. 2021లో వచ్చిన పెద్ద అధ్యయనంలో సెమాగ్లుటైడ్ వాడినవాళ్లు 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గారు. మందు ఆపిన ఏడాదికి, తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. మన దేశంలో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు 2026 మార్చితో సరి. కాబట్టి ఈ మందుల వాడకం ఇంకా పెరిగేదే.

షుగరు, గుండె జబ్బు ముప్పు, కీళ్లనొప్పులతో బాధపడే వాళ్లకి ఇవి నిజంగా మేలు చేసే మందులు. వాడేవాళ్లు సిగ్గుపడాల్సిన పని లేదు. బీపీ మాత్ర వేసుకున్నందుకు ఎవరూ సిగ్గుపడరు కదా. కానీ డాక్టరు పర్యవేక్షణ లేకుండా, పెళ్లి ఫొటోల కోసం నాలుగు నెలలు వాడి ఆపేద్దామనుకుంటే డబ్బు, ఆరోగ్యం రెండూ పోతాయి. కొవ్వుతోపాటు కండ కూడా తగ్గుతుంది కాబట్టి పప్పు, గుడ్డు, చేప, పెరుగు సరిపడా తినాలి, బరువులెత్తే వ్యాయామం కొంతైనా చేయాలి. తేలిగ్గా తగ్గిస్తామన్న మందుల చరిత్ర కూడా గుర్తుండాలి. సిబుట్రమిన్ అనే మాత్రని గుండెకి ప్రమాదమని మన దేశంలో 2011లో నిషేధించారు.

నిలబెట్టుకున్నవాళ్లు ఏం చేశారు?

అమెరికాలో రీనా వింగ్, జేమ్స్ హిల్ 1994లో ఒక రిజిస్టరు తెరిచారు. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదిపాటు నిలబెట్టుకున్నవాళ్లకే అందులో చోటు. పదివేలమందికి పైగా చేరారు. వాళ్లు తగ్గిన పద్ధతులు రకరకాలు. నిలబెట్టుకున్న పద్ధతుల్లో మాత్రం పోలికలున్నాయి. చాలామంది రోజూ గంటసేపు నడక లాంటి వ్యాయామం చేస్తారు. పొద్దున టిఫిన్ మానరు. వారానికోసారైనా బరువు చూసుకుంటారు. టీవీ ముందు తక్కువ కూర్చుంటారు. ఇవేవీ కొత్త రహస్యాలు కావు, పండగ రోజైనా మామూలు రోజైనా ఒకేలా సాగే పనులు. రెండేళ్లు దాటించగలిగితే ఆపై నిలబెట్టుకోవడం సులువవుతుందని కూడా ఈ రిజిస్టరు చెబుతోంది.

నా మనసుకి ఇంకా దగ్గరైంది చెన్నైలో జరిగిన అధ్యయనం. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగరు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువులో చెప్పుకోదగ్గ మార్పు రాకపోయినా ఈ మేలు జరిగింది! కాటా కదలని రోజుల్లో కూడా ఒంట్లో మంచి జరుగుతూనే ఉంటుందనడానికి మన పక్క రాష్ట్రంలోనే దొరికిన రుజువిది. మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా, రాత్రి నిద్ర పడుతోందా, పాత జాకెట్టు పడుతోందా, మూడు నెలల షుగరు సగటు ఎంతొచ్చింది... ఉత్సాహానికి ఆసరా కావాలంటే ఇవి కూడా చూసుకోవాలి.

---

■ రోజు మొత్తానికి కంచంలో ఎంత?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం 2,000 క్యాలరీల రోజుకి: కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100, బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు కలిపి 250, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. అన్నీ వండకముందు బరువులే. మన ఇళ్లలో ఇది సాధారణంగా తలకిందులుగా ఉంటుంది. అన్నం గుట్టలా, కూర నంజుకోవడానికి.

---

సంక్రాంతి మర్నాడు

వదిన నాలుగు నెలల తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి సోమవారం కోసం చూడలేదు, ఓ గురువారం. కాటాని ఆదివారం తప్ప బయటికి తీయదు. ఎదురింటి పంతులమ్మ గారూ తనూ ఆరింటికి గేటు దగ్గర కలుస్తారు. ఒకరు రాకపోతే ఇంకొకరు ఫోన్ చేస్తారు. ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకు టిఫిన్ డబ్బాల పని తీసుకున్నాడు, మొదట్లో వంకర దోసెలు పోసినా. మా అన్నయ్య తన కంచంలోనూ అన్నం తగ్గించాడు. అదే ఎక్కువ పనిచేసిందంటుంది వదిన.

ఏడు నెలల్లో ఐదున్నర కిలోలు తగ్గింది. సంక్రాంతికి పుట్టింటికి వెళ్లి అరిసెలు, సకినాలు తిని వచ్చింది, కాటా కిలోన్నర ఎక్కువ చూపించింది. మర్నాడు పొద్దున ఆరింటికి గేటు దగ్గర నిలబడింది. అంతే. "ఏం చెయ్యమంటావు, ఆవిడ చలిలో నిలబడి ఉంటుందిగా" అంది నాతో.

బరువు తగ్గాలని చూస్తున్న మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. ఇవాళ మధ్యాహ్నం అందరూ కలిసి భోజనానికి కూర్చున్నప్పుడు ఆ మనిషి 'చాలు' అంటే, దయచేసి గరిటె వెనక్కి తీసుకోండి. రేపు పొద్దున నడకకి మీరూ తోడు వెళ్లండి.